కథ దాటేయొద్దు: హారర్ ఆంథాలజీ అభిమానుల ప్రణాళిక

హారర్ ఆంథాలజీ అభిమానుల మొదటి తీర్మానం ఒక్కటే: నచ్చినా నచ్చకపోయినా, సినిమాలో ఏ కథనూ దాటేయకూడదు. ఇప్పుడు ఓటీటీలో ప్రేక్షకుడే దాటేస్తున్నాడు. ఒకప్పుడు ఆ పని పంపిణీదారులు చేసేవారు.

1945లో బ్రిటన్‌లోని ఈలింగ్ స్టూడియోస్ తీసిన ‘డెడ్ ఆఫ్ నైట్’లో ఐదు కథలు, నలుగురు దర్శకులు. అమెరికాలో విడుదలైనప్పుడు అందులో రెండు కథలు ఎగిరిపోయాయి. చివరి పీడకలలో కథానాయకుడు అంతకుముందు విన్న కథల్లోకే వెళ్లి పడతాడు. విననే లేని కథలోని మనుషులు ఎదురైతే అమెరికా ప్రేక్షకుడికి ఏం అర్థమవుతుంది? మసాకి కొబయాషి ‘క్వైదాన్’ (1964)కూ అదే గతి పట్టింది. అక్కడ ‘మంచు స్త్రీ’ కథ తీసేశారు. సత్యజిత్ రాయ్ ‘తీన్ కన్యా’ (1961) విదేశాలకు ‘టూ డాటర్స్’గా వెళ్లింది. మూడింట్లో రాలిపోయింది దయ్యం కథ ‘మణిహారా’యే!

బలహీనమైన కథకూ చోటుండాలన్నది వీళ్ల రెండో మాట. ‘డెడ్ ఆఫ్ నైట్’లో గోల్ఫ్ ఆటగాళ్ల కథ ఉత్త నవ్వులాట, అమెరికాలో కోత పడినవాటిలో అదీ ఒకటి. కానీ దాని వెంటనే వచ్చేది మైకేల్ రెడ్‌గ్రేవ్ నటించిన మాట్లాడే బొమ్మ కథ. నవ్వి కాస్త కుదురుకున్నవాడి మీదే ఆ బొమ్మ దెబ్బ గట్టిగా పడుతుంది.

మూడోది, దయ్యాన్ని సంజాయిషీ అడగకూడదు. రామ్‌గోపాల్ వర్మ నిర్మాణంలో ప్రవాల్ రామన్ తీసిన హిందీ చిత్రం ‘డర్నా మనా హై’ (2003)లో యాపిల్ పళ్లు తిన్న మనుషులు యాపిల్ పళ్లయిపోతారు. దీన్ని రెండున్నర గంటలు సాగదీస్తే ఆ పళ్ల తోట ఎవరిది, అక్కడ ఎవరికి అన్యాయం జరిగిందంటూ ఫ్లాష్‌బ్యాక్ పెట్టక తప్పదు. తెలుగు దయ్యాల్లో చాలావాటికి అలాంటి ఫ్లాష్‌బ్యాకే పట్టుకుంది. చిన్న కథకు ఆ బాధ లేదు. భయపెట్టి వెళ్లిపోతుంది.

కథల్ని కలిపే కథ కూడా కథే అయి ఉండాలి. ఇది చందమామ చదివి పెరిగినవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. విక్రమార్కుడు నోరు విప్పగానే శవం మళ్లీ చెట్టెక్కుతుంది కాబట్టే తర్వాతి కథ పుడుతుంది. ‘డెడ్ ఆఫ్ నైట్’ చివర కూడా మొదటికే వస్తుంది; అదే కారు, అదే ఇల్లు. ఏ సంబంధమూ లేని నాలుగు పొట్టి సినిమాలను ఒక పేరు కింద వరసగా పేరిస్తే, దాన్ని ఆంథాలజీగా ఒప్పుకోవడానికి ఈ అభిమానులు మొరాయిస్తారు. కాస్త చాదస్తమే కానీ అందులో న్యాయముంది.

తెలుగు దర్శకులకు వీళ్ల విన్నపం కూడా ఇక్కడి నుంచే పుట్టింది: బేతాళుణ్ణి పిల్లల కథగా వదిలేయకుండా, పెద్దల భయాలకు చట్రంగా వాడమని.

ఇక ప్రదర్శనలకు ఒకటే షరతు. పూర్తి ప్రతి దొరికితేనే వేయాలి. ‘క్వైదాన్’ నిడివి మూడు గంటల పైమాటే కాబట్టి టీకి విరామం ఇవ్వొచ్చు, అదీ కథకూ కథకూ మధ్యనే.