నర్సమ్మని నర్సు కానివ్వరా?

(వాడ మాట - 17)

మే 12 వచ్చిందంటే చాలు, దీపం పట్టుకున్న నైటింగేల్ బొమ్మతో వాల్ అంతా నిండిపోతుంది. తెల్ల బట్టల్లో దేవతలు అని పోస్టులు. దేవత జీతం అడగదు, సెలవు అడగదు. అందుకే ఆ బిరుదు అంత చౌకగా ఇస్తారు.

మా వాడలో ఒక అక్క ఉంది. ఏఎన్‌ఎం చదివి పదకొండేళ్లుగా సబ్‌సెంటర్లో చేస్తోంది. సెకండ్ ఏఎన్‌ఎం, అంటే కాంట్రాక్టు. టీకాలు వేస్తుంది, బీపీ చూస్తుంది, గర్భిణుల లెక్క రాస్తుంది. అర్ధరాత్రి ఎవరికన్నా నొప్పులొస్తే 108కి ఫోన్ చేసి తనూ ఎక్కి కూర్చుంటుంది. ఊరంతా ఆమెని నర్సమ్మ అంటుంది. కౌన్సిల్ రిజిస్టర్లో మాత్రం ఆమె రిజిస్టర్డ్ నర్సు కాదు. అది కావాలంటే జీఎన్‌ఎం చెయ్యాలి. ఇద్దరు పిల్లలు, మంచాన పడ్డ అత్త. అయినా ఆమెకి అదొక్కటే కోరిక.

జీఎన్‌ఎం మూడేళ్లు. పగటి కోర్సు. క్లాసులకి 80 శాతం హాజరు ఉండాలి, వార్డు డ్యూటీ గంటలు నూటికి నూరు పూర్తవ్వాలి. హాస్టల్లో ఉండాల్సిందే అనే కాలేజీలూ ఉన్నాయి. ఈ లెక్క ఎవరిని ఊహించుకుని వేశారు? ఇంటర్ అవగానే వచ్చే పిల్లని, పెళ్లి కానిదాన్ని, వెనక అమ్మానాన్నలు ఉన్నదాన్ని. పొద్దున అత్తకి స్నానం చేయించి, పిల్లలకి బాక్సులు కట్టి డ్యూటీకి పరిగెత్తే మనిషి ఆ ఊహలో ఎక్కడా లేదు.

అక్క ఆఫీసుకెళ్లి సెలవు అడిగింది. "కాంట్రాక్టు వాళ్లకి మూడేళ్లు సెలవేంటమ్మా, రిజైన్ చేసి చదువుకో" అన్నారు. రిజైన్ చేస్తే జీతం పోతుంది, పదకొండేళ్ల సర్వీసూ పోతుంది. అప్లికేషన్ బీరువాలో చీరల కింద పెట్టింది. ఇది మూడో ఏడు.

ఇలాంటి మాట చెప్పగానే ఎవరో ఒకరు పేపర్ కటింగ్ పంపిస్తారు. కూలికెళ్తూ, పిల్లల్ని పెంచుతూ నర్సయిన తల్లి. మనమూ చప్పట్లు కొడతాం. ఆ తల్లికి నా దండం. కానీ ఆ కథని చూపించి మా అక్కని "నువ్వెందుకు చెయ్యలేవు" అని అడగడం మోసం. గోడ దూకిన ఒక్కరిని చూపిస్తే గోడ లేనట్టు కాదు.

ఈ గోడకి కులం ఉంది. రక్తం, మలం, పురుడు అంటుపనులని పెద్దకులాలు ముక్కు మూసుకున్న రోజుల్లో, మిషన్ ఆస్పత్రుల్లో ఆ పని అందుకున్నవాళ్లలో మాల, మాదిగ క్రైస్తవ ఆడపిల్లలు ఎందరో. 1897లో పుణె దగ్గర ప్లేగు రోగులకి సేవ చేస్తూ సావిత్రిబాయి ఫూలే ప్రాణం పోగొట్టుకుంది. ఆ పనికి జీతం, గౌరవం, విదేశీ వీసా వచ్చాక దాని చుట్టూ మెట్లు లేచాయి. ఏ ఆస్పత్రికైనా వెళ్లి చూడండి. కింది మెట్టు మీద చీపురు, బెడ్‌పాన్ పట్టుకున్నవాళ్లు ఏ వాడ నుంచి వస్తున్నారో అడగండి.

"రూల్స్ సడలిస్తే క్వాలిటీ పోతుంది" అంటారు. గంటలు తగ్గించమని ఎవరడిగారు? ఒక్క గంట కూడా తగ్గించొద్దు, రోగి ప్రాణం అది. ఆ గంటలకి జీతం ఇమ్మంటున్నాం. పీహెచ్‌సీలో చేసే ప్రభుత్వ డాక్టరుకి పీజీ సీట్లలో ఇన్-సర్వీస్ కోటా ఉంది. చదువుకుంటూనే జీతం తీసుకుంటారు. మంచిదే. ఆ చదువు ప్రజలకి పనికొస్తుంది కాబట్టే ఇస్తున్నారు. అదే పీహెచ్‌సీ కింద పనిచేసే కాంట్రాక్టు ఏఎన్‌ఎం చదువు మాత్రం ఆమె సొంత సరదానా?

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లుకి మద్దతుగా బాబాసాహెబ్ మాట్లాడారు. తల్లికి విశ్రాంతి దేశానికి మేలు, దాని భారం ప్రభుత్వమూ యజమానీ మొయ్యాలన్నది ఆయన వాదన. ఊరికి కాన్పులు చేయించే మనిషి చదువుకీ అదే వాదన సరిపోతుంది.

కాబట్టి అడగాల్సినవి ఇవి. కాంట్రాక్టు ఏఎన్‌ఎంలకి సర్వీసు పోకుండా, జీతంతో చదువు సెలవు. ప్రభుత్వ నర్సింగ్ స్కూళ్లలో వాళ్లకి కొన్ని సీట్లు. పిల్లలున్నవాళ్లకి హాస్టల్ నుంచి మినహాయింపు, కాలేజీలో పిల్లల్ని చూసుకునే గది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ప్రభుత్వం బాకీ పడితే, ఆ బాకీకి పిల్లల సర్టిఫికెట్లు ఆపొద్దు.

2023లో తెలంగాణలో సెకండ్ ఏఎన్‌ఎంలు రెగ్యులరైజ్ చెయ్యమని సమ్మెకి దిగారు. ఆ టెంట్ దగ్గరికి మనలో ఎంతమందిమి వెళ్లాం? రోస్టర్ గురించి, ఫెలోషిప్ గురించి గొంతు చించుకునే మనకి మన అక్కల చదువు ఎందుకో ఉద్యమం అనిపించలేదు. ఈ తప్పులో నేనూ ఉన్నాను.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక పని చేద్దాం. ఎవరి జిల్లాలో వాళ్లు ఆర్టీఐ వేయండి. ఒక్కటే ప్రశ్న: గత పదేళ్లలో ఎంతమంది కాంట్రాక్టు ఏఎన్‌ఎంలని జీతంతో జీఎన్‌ఎంకి పంపారు? జవాబు కాగితం రాగానే కామెంట్లో పెట్టండి. ఆ కాగితాలన్నీ కలిపి పట్టుకెళ్దాం. బీరువాలో అప్లికేషన్ ఇంకా ఉంది.

జై భీం.