సర్దుకోవలసింది ఎవరు?

“వాతావరణం మారింది, రైతు కూడా మారాలి.” ఈ మాట ఇప్పుడు సదస్సుల్లో మంత్రంలాగా వినబడుతున్నది. మన కవులు కొందరు దానికి వంత పాడుతున్నారు. వాన తప్పినా మళ్ళీ విత్తే మెట్టరైతు ఓర్పుకు హారతులు పడుతున్నారు. ఓర్పును పొగడటమంటే ఓర్చుకోవలసిన స్థితిని ఒప్పుకోవటమే. దీనికి అభ్యుదయ సాహిత్యమని పేరు పెట్టటం అన్యాయం.

అనంతపురం సంగతే తీసుకుందాం. అక్కడ సాలుకు సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా అదనుకు పడదు. పూర్వం ఆ రైతు కొర్ర, జొన్న, సజ్జ, కంది, అలసంద వేసేవాడు. ఒకటి పోతే మరొకటి నిలిచేది, పశువుకు మేత దక్కేది. ఆ విద్య అతనికి ఏ నిపుణుడూ నేర్పలేదు. తరువాత మార్కెట్టు, అప్పు, ప్రభుత్వ ప్రోత్సాహం ఏకమై అక్కడి మెట్టనేలలో అత్యధిక భాగాన్ని వేరుసెనగ చేనుగా మార్చాయి. ఒక్క పంట మీద బతుకు వేలాడినప్పుడు, వాన తప్పిన ప్రతి ఏడూ అప్పు మిగిలింది. రైతు బోరు వేశాడు. అది ఎండితే ఇంకా లోతుకు మరొకటి వేశాడు. చివరకు బెంగుళూరు బస్సెక్కాడు. ఇదంతా “సర్దుబాటు” ఖాతాలోకే ఎక్కుతున్నది! ఖర్చు రైతుది, కీర్తి పథకాలది.

మరి రైతు చేయగలిగింది ఏమీ లేదా? ఉన్నది. 2003 నుంచి కొన్నేళ్ళపాటు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే వానను కొలిచారు. బోరుబావుల్లో నీటిమట్టం కొలిచారు. రబీకి ముందు ఊరివారు కూర్చుని, వున్న నీరెంత, ఏ పంట ఎంత తాగుతుంది అని లెక్క కట్టారు. అనేకులు వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్ళారు. జహీరాబాద్ ప్రాంతంలో దళిత స్త్రీలు సంఘాలుగా చేరి చిరుధాన్యాల విత్తనాలను కాపాడుకున్నారు. రెండుచోట్లా పనిచేసిన శక్తి ఒకటే: సంఘం.

కాని సంఘానికీ ఒక అడ్డుగోడ వున్నది. భూమి ఎవరిది? 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం యజమాని సంతకం వుంటేనే కౌలురైతుకు కార్డు అన్నది. సంతకం లేనివాడికి బ్యాంకు అప్పు ఎక్కడిది? నష్టపరిహారం ఎక్కడిది? ఏ పంట వేయాలో కూడా కౌలే నిర్ణయిస్తుంటే, “పంట మార్చు” అని అతనికి చెప్పటం పరిహాసం.

పామిడిముక్కల కాలవగట్టున కూర్చుని ఇది మెట్టవారి గొడవ అనుకునే మిత్రులకు ఒక మాట. 1855 నాటి ఆనకట్ట మనకు ధీమా ఇచ్చింది. 2015లో ఆ డెల్టాకే పట్టిసీమ నుంచి గోదావరి నీరు ఎత్తి పోయవలసి వచ్చింది. కాలవ ఎండిన ఏడు డెల్టా కౌలురైతూ మెట్టరైతే.

సర్దుకోవలసినవి కౌలు చట్టం, బ్యాంకు, బీమా, మార్కెట్టు. రైతు ఓర్పు ఎవరి లాభానికి పనికివస్తున్నదో చెప్పలేని కలం, ఆ లాభంలో వాటాదారే.