పది రోజుల్లో పెళ్లిచూపులు, ఇప్పుడు లేజరా వదినా?

మొన్న పొద్దున్నే మా వదిన ఫోను. "సరిగ్గా పది రోజుల్లో అమ్మాయిని చూసుకోవడానికి వస్తున్నారు వదినా. మీ చిన్నదానికి ఆబిడ్స్‌లో లేజర్ చేయించావు కదా, ఎక్కడ? దీనికి గడ్డం కింద నాలుగు వెంట్రుకలున్నాయి. ఈలోపల ఒక్క సిట్టింగ్ అయిపోతే మొహం తేటగా ఉంటుంది."

ఎక్కడో చెప్పలేదు. వద్దన్నాను. "మీ పిల్లకైతే కావాలి, మా పిల్లకి వద్దా?" అని ఫోన్ పెట్టేసింది. ఆవిడ ఇక్కడ నేను రాసేవన్నీ చదువుతుందని తెలుసు. అందుకే ఫోన్‌లో చెప్పలేకపోయింది రాస్తున్నాను. ఆడపిల్లలున్న మిగతా అమ్మలు కూడా చదవండి.

ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ పెట్టిన దుకాణం వల్లే ఆబిడ్స్‌కి ఆ పేరు వచ్చిందంటారు. అంటే పేట పుట్టిందే బేరంతో. నాంపల్లి కోడలిగా వచ్చి పాతికేళ్లయింది, ఆ బేరం నాకూ వంటబట్టింది. చీర కొంటే రంగు పోతుందా, జరీ నల్లబడుతుందా, ఫాల్ కుట్టి ఇస్తారా అని ఇరవై ప్రశ్నలు వేస్తాను. జగదీష్ మార్కెట్‌లో ఫోన్ కవర్ కూడా నాలుగు చోట్ల అడక్కుండా కొనను. అలాంటిదాన్ని, జీపీఓ దగ్గర ఒక మేడ మీది సెంటర్‌లో కన్నకూతురి మొహం అప్పజెప్పి ఒక్కటంటే ఒక్క ప్రశ్న వేయలేదు. ఆరు సిట్టింగులకి ఎంత తగ్గిస్తారని మాత్రం అడిగాను. తగ్గించారు. పొంగిపోయాను.

నేను చేసిన తయారీ ఏంటో చెప్తాను. వారం ముందు పక్కవీధి పార్లర్‌లో థ్రెడింగ్ చేయించాను, నీట్‌గా కనపడాలని. ముందురోజు ఆదివారం, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల బజార్‌లో దాని కాలేజీ పుస్తకాల కోసం రెండు గంటలు మండుటెండలో తిప్పాను. మొటిమలకి అది వేసుకుంటున్న మాత్రల సంగతి నాకు గుర్తే లేదు. ఆటోలో వెళ్తూ చెవిలో ఇంకో మాట చెప్పాను. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

లోపల ఒక అమ్మాయి ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టించుకుంది. డాక్టర్ ఎవరూ కనపడలేదు. ముందు కొంచెం చోట వేసి చూడటం లేదు. పావుగంటలో అయిపోయింది. రాత్రికి గడ్డం కింద ఎర్రగా పొంగింది, మూడో రోజుకి పొక్కులు, తర్వాత గోధుమరంగు మచ్చ. నాలుగు వెంట్రుకలు పోతాయని వెళ్తే ఎనిమిది నెలలు మచ్చతో తిరిగింది. దుపట్టా గడ్డం దాకా లాక్కుని కాలేజీకి వెళ్లేది.

తర్వాత ఒక చర్మవైద్యురాలు ఓపిగ్గా చెప్పాక అర్థమైంది. లేజర్ నలుపుని వెతుక్కుంటూ పోయే వెలుగు. వెంట్రుకలో ఉన్న నల్లరంగు ఆ వెలుగుని పీల్చుకుని వేడెక్కితే, ఆ వేడికి కుదురు దెబ్బతింటుంది. 1983లో ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు అమెరికా డాక్టర్లు చెప్పిన సూత్రం ఇది. థ్రెడింగ్, వ్యాక్సింగ్, ప్లకింగ్ చేస్తే వెంట్రుక కుదురుతో సహా ఊడొస్తుంది. ఇక వెలుగు దేన్ని పట్టుకోవాలి? అందుకే నాలుగు నుంచి ఆరు వారాల ముందే అవి ఆపేయాలి. నా డబ్బు సగం అక్కడే పోయింది. ఎండకి నల్లబడ్డ చర్మంలోనూ అదే రంగు ఉంటుంది కాబట్టి వేడి దానికీ తగులుతుంది. మనలాంటి చామనఛాయ వాళ్లకి ఆ ప్రమాదం ఎక్కువ. ఎన్‌డీ యాగ్ అనే 1064 నానోమీటర్ల మెషిన్ మన రంగుకి కాస్త క్షేమం అంటారు. ఏ మెషిన్ అని అడగాలని కూడా నాకు తెలీదు.

మరి ముందురోజు చేయాల్సింది ఏంటో తెలుసా? శుభ్రంగా రేజర్‌తో గీసుకోవడం. అంతే. కానీ మా ఇంట్లో ఆ మాటంటే మా అత్తగారు లేచి కూర్చుంటారు. "ఆడపిల్ల మొహానికి బ్లేడా! గడ్డాలు మీసాలు మొలుస్తాయి!" ఆ భయంతోనే నేను థ్రెడింగ్‌కి పరిగెత్తాను. గీసినంత మాత్రాన వెంట్రుక దళసరిగా పెరగదని 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే ఆవిడ పరిశీలించి రాసింది. కొస మొండిగా తెగుతుంది కాబట్టి గరుగ్గా తగులుతుంది, అంతే. దాదాపు వందేళ్లయినా మన వంటింటి దాకా ఆ కబురు రాలేదు.

ఇప్పుడు ఆటోలో చెప్పిన మాట. "నెలసరి సరిగ్గా రావట్లేదని అక్కడెవరికీ చెప్పకు. సంబంధాలు చూసే రోజులు, ఎవరి చెవిన పడుతుందో" అన్నాను.

మచ్చ చూపించడానికి వెళ్లినప్పుడు ఆ డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న అదే. నెలనెలా వస్తోందా? నా కూతురు ఆవిడ వైపు చూడలేదు, నా వైపు చూసింది. "చెప్పొచ్చా అమ్మా?" అంది.

పంతొమ్మిదేళ్ల పిల్ల, తన ఒంటి సంగతి డాక్టర్‌కి చెప్పడానికి నా అనుమతి అడిగింది. ఆ మచ్చ పోయింది కానీ ఆ ప్రశ్న నాకింకా పోలేదు.

రక్తపరీక్షలు, స్కాన్ చేయిస్తే పీసీఓఎస్ అని తేలింది. గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, తప్పిపోయే నెలసరి, అన్నిటి మూలం ఒక్కటే. హార్మోన్ల సంగతి చూడకుండా ఎన్ని సిట్టింగులు చేయించినా కొత్తవి వస్తూనే ఉంటాయి. కొందరికి మొహం మీద లేజర్ తర్వాత ఇంకా ఎక్కువ మొలుస్తాయట కూడా. బోర్డు మీద "పర్మనెంట్" అని రాసుకుంటారు కానీ, అమెరికా ఎఫ్‌డీఏ ఒప్పుకున్న మాట చాలాకాలం నిలిచే తగ్గుదల. పూర్తిగా పోతాయని కాదు.

సెంటర్ వాళ్లది తప్పు. అడగాల్సినవి అడగలేదు. ఏ మందులు వాడుతున్నావు, ఎండలో తిరిగావా, నెలసరి ఎలా ఉంది, ఈ ప్రశ్నలు అడగని చోట మెషిన్ ఎంత ఖరీదైనదైనా లేచి వచ్చేయండి. కానీ వాళ్లు అడిగినా మనం నిజం చెప్పనిచ్చే రకమా? పిల్లని ముందే నోరు మూయించి తీసుకెళ్తున్నాం.

నొప్పి తెలీకుండా ఇంట్లోనే తిమ్మిరి క్రీమ్ దట్టంగా పట్టించి ప్లాస్టిక్ చుట్టుకుని వెళ్లొచ్చని కూడా ఎవరో సలహా ఇస్తారు. 2007లో ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది దీని గురించే. లేజర్ కోసం కాళ్లకి అలా చుట్టుకున్న ఇద్దరు అమ్మాయిలు, 22, 25 ఏళ్ల వాళ్లు, చనిపోయారు. డాక్టర్ చెప్పనిదే అది ముట్టుకోకండి.

అసలు వెంట్రుకలు ఎందుకు తీయాలి అని కొందరు అడుగుతారు. ఆ మాట పిల్లని అడగండి. మా చిన్నది తీయించుకుంటానంది, అది దాని మొహం, దాని ఇష్టం. నా గొడవల్లా పెళ్లిచూపుల తేదీ చూసుకుని మనం పెట్టే తొందర మీదే. వచ్చే అబ్బాయి గడ్డం పెంచుకుని వస్తే స్టైల్, మన పిల్లకి నాలుగు వెంట్రుకలుంటే పది రోజుల్లో కాల్చిపారేయాలా?

అయినా ఒక్క సిట్టింగ్‌తో ఏమీ కాదు వదినా. నాలుగారు వారాల ఎడంతో ఆరో ఎనిమిదో పడతాయి. పది రోజుల ముందు చేయిస్తే, తేడా జరిగితే వాళ్లు వచ్చేసరికి మచ్చ మిగిలినా మిగలొచ్చు. ఆ రోజు పొద్దున ఒక కొత్త రేజర్ చాలు. ఇప్పుడు చేయాల్సింది దాన్ని ఒక లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడం. తీసుకెళ్లి నువ్వు బయట బెంచీ మీద కూర్చో. లోపల అదే మాట్లాడుకుంటుంది.

కోపం తగ్గాక ఫోన్ చెయ్యి. పెళ్లిచూపుల రోజు పొద్దున్నే వస్తాను. పులిహోర నేను కలుపుతాను.