మొక్కల లెక్క చాలదు

ఎర్రచందనం సహజంగా పెరిగేది శేషాచలం, లంకమల, వెలిగొండ వంటి తూర్పు కనుమల దక్షిణ భాగపు కొండల్లోనే. 1995లో వన్యజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో చేరినా గొడ్డలి ఆగలేదు. స్మగ్లర్లు ఏరి నరికేది చేవ ముదిరిన మానులనే. వాటితో వాటి విత్తనమూ పోతుంది. మిగిలిన నాలుగు చెట్ల గింజలతో నర్సరీ నింపితే తోట పచ్చగానే ఉంటుంది, జన్యువైవిధ్యం మాత్రం కుంచించుకుపోతుంది. అది కంటికి ఆనదు. మైక్రోశాటిలైట్ మార్కర్లు పట్టిస్తాయి: డీఎన్ఏలో ఒకచోట జీఏ అనే జంట అక్షరాలు ఒక చెట్టులో 12 సార్లు, పక్కదానిలో 15 సార్లు వరుసగా రావచ్చు. అలాంటి చోట్లు కొన్ని పోల్చితే ఏ కొండ చెట్లు దగ్గరి చుట్టాలో, విత్తనం ఎక్కడెక్కడ సేకరించాలో తేలుతుంది.

ముందు కాపలా, తర్వాతే ల్యాబు అంటారు. సబబే, కానీ కాపలా ఉన్నవాటిని నిలబెడుతుంది, ఏవి నాటాలో చెప్పదు. ఖర్చంటారా, మార్కర్లు ఒకసారి సిద్ధమైతే చెట్టుకు ఒక్క ఆకు చాలు. పట్టుబడిన దుంగ ఏ అడవిదో తేల్చడానికీ అవే ఆధారం కాగలవు. చచ్చిన చేవ నుంచి డీఎన్ఏ రాబట్టడం కష్టమే అనుకోండి.