ఉద్యోగం అడిగితే పరిహారమా?

1985లో సికింద్రాబాద్ మిలిటరీ ఆసుపత్రిలో లెఫ్టినెంట్‌గా చేరిన ఒక నర్సును 1988లో ఇంటికి పంపేశారు. ఆమె చేసిన నేరం పెళ్ళి! భర్త కూడా సైన్యంలో ఆఫీసరే. ఆయన ఉద్యోగానికి మాత్రం ఏ ఢోకా లేదు. పెళ్ళి చేసుకుంటే తీసెయ్యవచ్చన్న 1977 నాటి నిబంధన మిలిటరీ నర్సింగ్ సర్వీసులోని స్త్రీలకే. 1995లో దాన్ని ఉపసంహరించుకున్నారు గానీ, ఈమెను వెనక్కి పిలవలేదు.

ఆమెను తిరిగి తీసుకోమని సాయుధ దళాల ట్రిబ్యునల్ 2016లో చెప్పింది. కేంద్రం సుప్రీంకోర్టుకెక్కింది. ఆ నిబంధన లింగవివక్షేనని 2024 ఫిబ్రవరిలో కోర్టు తేల్చింది. అయితే ఉద్యోగం ఇవ్వమనలేదు, దాని బదులు 60 లక్షల పరిహారం ఇమ్మంది.

మనం సంతోషించాం. సంతోషించాల్సిందే. కానీ ముప్ఫయ్యారేళ్ళ సర్వీసుకీ, రాకుండా పోయిన ప్రమోషన్లకీ, ఒంటిమీంచి తీయించిన ఆ యూనిఫాంకీ ధర కట్టేదెవరు? అప్పీళ్ళతో ఏళ్ళు గడిచాక తిరిగి చేరడమన్న మాటకే అర్థముండదు. అలా అర్థం లేకుండా చేసింది ప్రభుత్వమే. పితృస్వామ్యానికి వాయిదా కూడా ఒక ఆయుధమే కదా!

పెళ్ళి, గర్భం పేరిట స్త్రీని తీసేసినప్పుడు, కేసు తేలేదాకా ఆమెను ఉద్యోగంలో ఉంచే వాదించుకోమని మనం పట్టుబట్టాలి.