డ్రైవరు నిద్రను తాళంగా వాడుకోవద్దు

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల వైపు ఎక్కడ లారీ పోయినా, రాత్రికి రాత్రి బ్యాటరీలు మాయమైనా మొదట వినిపించే మాట ఒక్కటే: "డ్రైవరు అజాగ్రత్త." ఓనరూ అదే అంటాడు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమస్తా కూడా అదే అంటాడు. ఈ మాట తప్పు. పైగా అన్యాయం.

ముందు తాళం సంగతి చూద్దాం. పాత లారీల్లో ఇగ్నిషన్ లాక్ ఏళ్ల తరబడి తిప్పీ తిప్పీ లోపల అరిగిపోతుంది. అప్పుడు దాని సొంత తాళంచెవే కావాలని లేదు, వేరే చెవితోనూ తిరగొచ్చు. బండి ఇద్దరు ముగ్గురు ఓనర్ల చేతులు మారుతుంది, డ్రైవర్లూ మారుతుంటారు. లాక్ మాత్రం పాతదే. మానేసి వెళ్లినవాడి దగ్గర నకలు చెవి ఉందా అని అడిగేవాళ్లు అరుదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు రెండో చెవి అడిగి తీసుకోరు. బండి పోయాక బీమా కంపెనీ రెండు చెవులూ తెమ్మన్నప్పుడే అది గుర్తొస్తుంది. కొత్త లాక్ సెట్‌కయ్యే ఖర్చు ఒక కొత్త టైరు ధర కంటే తక్కువ. అదీ పెట్టకుండా డ్రైవరును తప్పుపట్టడం ఏం న్యాయం?

చెవి ఇగ్నిషన్‌కే వదిలి, అడ్రసు కనుక్కోవడానికి డ్రైవరు దిగినప్పుడు లారీ పోయిన కేసు ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అంతమాత్రాన క్లెయిమును పూర్తిగా తోసిపుచ్చడం కుదరదని, 75 శాతం చెల్లించాలని 2023 జూలైలో కోర్టు తేల్చింది. కోర్టు చూపిన ఆ పాటి విచక్షణ కూడా మన ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో కనిపించదు.

"జీపీఎస్ పెట్టించాం కదా" అంటారు. జీపీఎస్ బండి ఎక్కడుందో చెబుతుంది. ట్యాంకులోంచి డీజిల్ లాగేసేవాణ్ని అది ఆపలేదు. బండినే తోలుకుపోకుండా ఆపాలంటే వేరే సాధనం కావాలి. చిప్ ఉన్న సరైన చెవి లేనిదే ఇంజన్ స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్‌ను యూరప్‌లో కొత్త కార్లకు 1998లోనే తప్పనిసరి చేశారు. లక్షల విలువైన సరుకు మోసే లారీకి ఆ రక్షణ అడగడం అత్యాశ కాదు.

అసలు దారుణం రాత్రిళ్లు జరుగుతుంది. లోడింగ్‌కు వంతు వచ్చేదాకా లారీ ఫ్యాక్టరీ గేటు బయటే, 65వ జాతీయ రహదారి పక్కనో లోపలి రోడ్ల మీదో ఆగాలి. డీజిల్ ట్యాంకు మూతకు తాళం, బ్యాటరీ పెట్టెకు గొలుసు, స్టెప్నీకి ఇంకో గొలుసు ఉంటాయి. అన్నీ కట్టర్ ముందు ఓడిపోయేవే. కాబట్టి డ్రైవరును క్యాబిన్‌లోనే పడుకోమంటారు. అలికిడైతే లేచి చూడాలి. తెల్లారాక జహీరాబాద్ మీదుగా మహారాష్ట్ర వైపు బండి తోలాల్సిందీ అతనే. ఈ కాపలాకు కూలి లేదు. పైగా బ్యాటరీలు పోతే వాటి ఖరీదు అతని జీతంలోనే కోస్తారు. నిజానికి రాత్రి ఆగాల్సిన చోట విశ్రాంతి గదులు యజమానే ఏర్పాటు చేయాలని 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది.

పారిశ్రామికవాడలను చూసే ప్రభుత్వ సంస్థ టీజీఐఐసీ, వాటిలోని ఫ్యాక్టరీలు కలిసి దీపాలు, కంచె, పడక ఉన్న లారీ పార్కింగ్ కట్టాలి. అది వచ్చేదాకా కాపలా రాత్రికి ఓనర్లు వేరుగా భత్యం ఇవ్వాలి. పోయిన బ్యాటరీల ఖరీదు డ్రైవరు జీతంలో కోసుకోవడం ఈ నెల నుంచే ఆపాలి.