పోగు బలం, పొర బలహీనత

వేగంగా తిరిగే యంత్రభాగానికి మొదటి శత్రువు దాని సొంత బరువే. పలుచని కంకణం వంటి భాగంలో పుట్టే ప్రతిబలం పదార్థపు సాంద్రతను, అంచు వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. అంచు సెకనుకు 300 మీటర్ల వేగంతో తిరిగితే ఉక్కు కంకణంలో సుమారు 700 మెగాపాస్కళ్ల ప్రతిబలం ఏర్పడుతుంది. ఎపాక్సీ రెజిన్‌లో కార్బన్ పోగులను పొదిగి చేసిన కంకణంలో అది సుమారు 145 మాత్రమే. ఉక్కులో దాని సాంద్రత ఐదవ వంతు కావడమే ఇందుకు కారణం.

అయితే ఉక్కును వదిలివేయవచ్చునా? వెదురు బద్దను చూడండి. పొడవునా లాగితే తెగదు. కొసన కత్తి ఆనించి తడితే నిలువునా చీలుతుంది. కార్బన్ మిశ్రమ పదార్థానిదీ అదే స్వభావం. పోగుల వెంబడి ఉన్న బలంలో అడ్డంగా సాధారణంగా ఇరవయ్యవ వంతైనా ఉండదు. పొరలను పట్టి ఉంచేది రెజిన్ ఒక్కటే.

ఈ సత్యానికి రోల్స్ రాయిస్ సంస్థ పెద్ద మూల్యమే చెల్లించింది. ట్రైస్టార్ విమానం కోసం రూపొందించిన ఆర్‌బి 211 ఇంజనుకు ‘హైఫిల్’ అనే కార్బన్ పోగుల పదార్థంతో ఫ్యాన్ రెక్కలు చేశారు. అవి తేలిక, భ్రమణ బలాన్ని తట్టుకోగలవు. కాని 1970లో జరిపిన పక్షి తాకిడి పరీక్షలో ముక్కలయ్యాయి. రెక్కలను టైటానియంకు మార్చవలసి వచ్చింది. అప్పటికే మితిమీరిన ఖర్చులకు ఇదీ తోడై, 1971 ఫిబ్రవరి 4న సంస్థ దివాలా తీసింది. బ్రిటిష్ ప్రభుత్వం దానిని జాతీయం చేసి నిలబెట్టింది.

పదార్థం మాత్రం ఓడిపోలేదు. 1995లో బోయింగ్ 777తో సేవలో ప్రవేశించిన జీఈ 90 ఇంజనులో కార్బన్ పోగుల రెక్కలే ఉన్నాయి. ఈసారి రెజిన్‌ను దెబ్బకు ఓర్చేలా మెరుగుపరిచారు. ముందు అంచుకు టైటానియం తొడుగు వేశారు.

ఇటువంటి భాగాలను గాలి తీసివేసిన గట్టి గదిలో తిప్పి పరీక్షిస్తారు. గాలి ఉంటే రాపిడికి వేడెక్కుతాయి. వేగం 20 శాతం పెంచితే ప్రతిబలం 44 శాతం పెరుగుతుంది. తిప్పక ముందూ తిప్పిన తరువాతా అతిధ్వని తరంగాలతో పొరల మధ్య ఎడబాటు ఏర్పడినదేమో చూస్తారు. పైకి చెక్కుచెదరని భాగంలోనూ లోపల పొరలు విడిపోయి ఉండవచ్చు.

యంత్రం పక్కన నిలబడేవారు మన సహోద్యోగులే. కనుక అత్యంత కఠినమైన పరీక్షను చివరికి వాయిదా వేయరాదు. నమూనా దశలోనే దానిని జరిపించి, ప్రతికూల ఫలితం తెచ్చిన పరీక్షకుని మాటను శ్రద్ధగా ఆలకించడం మనందరి బాధ్యత.